ముందు మరమ్మతు డాక్ అడగండి

దుగరాజపట్నం పేరు మళ్ళీ వినబడుతోంది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో అక్కడ పెద్ద ఓడరేవు కడతామని రాశారు. 2018 చివరికల్లా తొలి దశ అయిపోతుందని కూడా రాశారు. 2018 వచ్చింది, పోయింది, రేవు మాత్రం రాలేదు. పక్కన పులికాట్ సరస్సు ఉందన్నారు, ఆ పక్కనే షార్ రాకెట్ కేంద్రం ఉందన్నారు, ఆఖరికి గిట్టుబాటు కాదని తేల్చారు. 2025 నుంచి మాట మారింది. ఇప్పుడు చెబుతున్నది ఓడలు కట్టే, బాగుచేసే కేంద్రం. ఏ ప్రకటన చూసినా 'కట్టే' అన్నది పెద్దక్షరాల్లో ఉంటుంది, 'బాగుచేసే' దాని వెనకాల ఒదిగి ఉంటుంది. ఆ వరుస తిరగబడాలన్నది నా వాదన.

కొత్త ఓడను నీళ్ళలోకి దించే రోజు ఢిల్లీ నుంచి పెద్దలు వస్తారు. 1948 మార్చి 14న విశాఖలో 'జల ఉష'ను దించడానికి సాక్షాత్తూ నెహ్రూ వచ్చాడు. ఆ తర్వాత ఏ ఓడ ఎన్నిసార్లు డ్రై డాక్ ఎక్కినా రిబ్బను కత్తిరించేవాడు రాడు. ఎక్కకపోతే మాత్రం ఓడ తిరగదు. లారీకి ఫిట్‌నెస్ కాగితం ఉన్నట్టే ప్రయాణికుల ఓడకు భద్రతా సర్టిఫికెట్ ఉంటుంది. అది ఏడాదికి మించి చెల్లదు. ఓడ అడుగును ఏటా చూడాలి, ఐదేళ్ళలో కనీసం రెండుసార్లు డాక్‌లో పెట్టి నీళ్ళు తోడేసి మరీ చూడాలన్నది సాధారణ నియమం. కొత్త ఓడ ఆర్డరు రావచ్చు, రాకపోవచ్చు. మరమ్మతు పని రాక తప్పదు.

ఆ పనిలో ఏముందో కాస్త చూద్దాం. అండమాన్‌కు తిరిగే 'స్వరాజ్ ద్వీప్' మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైన ఓడే, 1,200 మందిని ఎక్కించుకుంటుంది. అంత ఓడను డాక్‌లోకి తేవాలంటే ముందు దాని అడుగు ఆకారాన్ని బట్టి డాక్ నేల మీద దిమ్మెలు పేర్చుకోవాలి. ఓడ లోపలికి వచ్చాక గేటు మూసి నీళ్ళు తోడతారు. సాధారణంగా వెనక భాగం ముందుగా దిమ్మెల మీద ఆనుతుంది. అక్కణ్ణుంచి ముందు భాగం కూడా ఆనేదాకా ఉన్న కొద్దిసేపే అసలు గండం. బరువు కొంత దిమ్మెల మీద, కొంత నీళ్ళ మీద ఉండి ఓడకు నిలకడ తగ్గిపోతూ ఉంటుంది. ఏ ట్యాంకులో నూనె ఎంత, నీళ్ళెంత అన్న లెక్క తప్పితే ఓడ పక్కకు ఒరుగుతుంది. డాక్ మాస్టరు కళ్ళార్పకుండా నిలబడే సమయం అది.

నీళ్ళు పోయాక ఓడ అడుగు చూసినవాళ్ళు దాన్ని మరచిపోరు. నాచు, గుల్లలు, తుప్పు. ముందు గట్టి ఒత్తిడితో నీళ్ళు కొట్టి కడుగుతారు, ఇసక లాంటి గరుకు పొడిని ఎగజిమ్మి పాత రంగు లేపుతారు. అప్పుడు ఇనప రేకు మందాన్ని శబ్ద తరంగాలతో చోటుచోటునా కొలుస్తారు. పలచబడిన చోట రేకు కోసి కొత్తది అతుకుతారు. తుప్పు ఓడను వదిలి తమను తినేలా పెట్టిన జింకు దిమ్మలు అరిగిపోయి ఉంటాయి, వాటిని మారుస్తారు. ప్రొపెల్లరు ఇరుసును బయటికి లాగి చూస్తారు. సముద్రపు నీళ్ళు లోపలికి తీసుకునే వాల్వులు విప్పుతారు. లంగరు గొలుసును మొత్తం డాక్ నేల మీద పరిచి, లంకెలు ఎంత అరిగాయో కొలుస్తారు.

సరుకు ఓడకైతే పని చాలావరకు అక్కడితో సరి. ప్రయాణికుల ఓడ కడుపులో ఒక ఊరే ఉంటుంది: వంటిళ్ళు, మరుగుదొడ్లు, పడకలు, మంటలాపే తలుపులు. లైఫ్‌బోట్లను బరువు వేసి దించి చూడాలి, వాటి ఇనప తాళ్ళను ఐదేళ్ళు దాటకుండా మార్చాలి. ఇంతమంది పనివాళ్ళు వెల్డింగు నిప్పులతో లోపల తిరుగుతుంటే అగ్ని భయం కూడా ఎక్కువే. 2024 జులైలో ముంబై డాక్‌యార్డులో మరమ్మతుల్లో ఉన్న 'బ్రహ్మపుత్ర' యుద్ధనౌక అంటుకుని పక్కకు ఒరిగిపోయింది, ఒక నావికుడు చనిపోయాడు.

ఇంత పనికి ఎంతమంది చేతులు కావాలో చూడండి. వెల్డరు, ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, పెయింటరు, క్రేన్ నడిపేవాడు. కొచ్చిన్ షిప్‌యార్డు దీన్ని ముందే గ్రహించింది. 2024 జనవరిలో 310 మీటర్ల కొత్త డ్రై డాక్ తెరిచింది, పక్కనే మరమ్మతులకని ప్రత్యేక యార్డు పెట్టుకుంది. విశాఖలో 70 వేల టన్నుల ఓడ పట్టే డాక్ ఉంది. ఐనా 'సింధుకీర్తి' జలాంతర్గామి 2006లో మరమ్మతుకని అక్కడికి చేరి 2015లో గానీ బయటపడలేదు. డాక్ ఒక్కటే ఉంటే చాలదు, విడిభాగం, డ్రాయింగు, నేర్పున్న మనిషి ఒకేసారి దొరకాలన్నది ఆ తొమ్మిదేళ్ళు మనకు ఖరీదుగా నేర్పాయి. 2020 ఆగస్టు 1న అదే యార్డులో క్రేన్ పరీక్షిస్తుండగా కూలి 11 మంది చనిపోయారు. దుగరాజపట్నంలో మొదటి మేకు కొట్టకముందే కాంట్రాక్టు కూలీ భద్రత ఎవరి పూచీయో కాగితం మీద ఉండాలి.

ఓడ మరమ్మతు తెలుగువాడికి కొత్త విద్యేమీ కాదు. గోదావరి నోట్లో ఉన్న కోరంగిలో 1802లోనే ఇంగ్లీషు నౌకాదళ ఓడల కోసం డాక్ కట్టారు. 1839 తుపాను ఆ ఊరిని దెబ్బతీసింది, మిగతాది నది మేట చూసుకుంది. దుగరాజపట్నం కథా ఒకటుంది. మద్రాసు పుట్టకముందే ఇక్కడ ఇంగ్లీషువాళ్ళ కోఠీ ఉండేది. ఫ్రాన్సిస్ డే ఇక్కణ్ణుంచే ఇంకా మంచి చోటు వెతుక్కుంటూ వెళ్ళి 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. వాకాడు వైపు జాలర్లకు ఇసక మేట గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. రాయదొరువు దగ్గర పులికాట్ ముఖద్వారం పూడిపోతే చేపలేమవుతాయో వాళ్ళకు తెలుసు. డాక్ కోసం పూడిక తీసేవాళ్ళు ఆ ముఖద్వారం సంగతీ తేల్చాలి. గుల్లలు పట్టకుండా వేసే ఒకప్పటి రంగుల్లోని తగరపు విషం జలచరాలను చంపుతోందని 2008 నుంచి ప్రపంచమంతా నిషేధించింది. అయినా డాక్‌లో గీకిన రంగు పొట్టు విషమే. అది నీళ్ళలో కలవకుండా ఎక్కడికి పోతుందో ముందే చెప్పాలి. ఈ ప్రశ్న వేసినవాణ్ణి అభివృద్ధి విరోధి అనడం మనకు అలవాటు. ఆ మాట పడటానికి నేను సిద్ధమే.

గూడూరు, నెల్లూరు ఐటీఐల్లో చదివిన కుర్రాళ్ళలో ఎందరో గల్ఫ్ బాట పడుతున్నారు. ఓడ వెల్డింగులో సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ డాక్ కంటే ముందు మొదలవ్వాలి, డాక్ తయారయ్యాక కాదు. ఈసారి మీ ఊరికి వచ్చే ఎంపీని, ఎమ్మెల్యేని ఓడలెన్ని కడతారని అడక్కండి. మరమ్మతు డాక్ పొడవెంత, తొలి ఓడ ఏ సంవత్సరం ఎక్కుతుంది, అందులో మన ఐటీఐ పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు? ఈ మూడూ అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.