పట్టిన పిల్లచేపను వదలండి, కొన్న చేపను వదలొద్దు

ఆదివారం గాలం పట్టుకుని రిజర్వాయర్‌కు పోయే అన్నలకు, తమ్ముళ్ళకు మా మాట. సింగపూర్‌లో బోర్డు పెట్టిన చోటే గాలం వెయ్యాలి. వానపాము, రొయ్య ఎరగా పెట్టొద్దు, ప్లాస్టిక్ ఎరే వాడాలి. తప్పితే 3,000 డాలర్ల దాకా జరిమానా. మన వర్కర్లకు అది నెలల జీతం.

పిల్లచేప పడితే చేతులు తడుపుకుని, గాలం తీసి మెల్లగా నీళ్ళల్ల వదలాలి. పొడిచేత్తో పడితే ఒంటిమీద జిగురు పోయి రోగం పట్టుద్ది. గదిలో నలుగురికి కూరకు సరిపోతే చాలు, సంచి నింపుడెందుకు?

కొందరు పుణ్యమని బజారులో కొన్న చేపలు తెచ్చి వదులుతున్నరు. అది పుణ్యం కాదు. తొట్టిలో పెరిగిన చేప అక్కడ బతకడం కష్టం, బతికితే ఉన్న చేపలకు ముప్పు. దానికీ జరిమానా ఉంది. ఆ నీళ్ళే శుద్ధి చేసి నల్లాకు పంపుతారు. మనం తాగే నీళ్ళకు మనమే మర్యాద ఇద్దాం.