జాలి కాదు, హక్కు

2013 ఫిబ్రవరి 21 సాయంత్రం మన దిల్‌సుఖ్‌నగర్‌లో జంట బాంబులు పేలాయి. వందమందికి పైగా గాయపడ్డారు. వారిలో మనలాంటి విద్యార్థులూ ఉన్నారు. ఐదుగురు దోషులకు పడిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖరారు చేసింది. మరి కాళ్లు, చూపు, వినికిడి పోగొట్టుకున్నవారి సంగతేమిటి? ఎక్స్‌గ్రేషియా ఒక్కసారే వస్తుంది. వైకల్యం జీవితాంతం ఉంటుంది.

అందుకే శాశ్వతమైన ఆసరా కావాలి. దానికి మొదటి మెట్టు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు. 2023 జూలైలో రూ.4,016కు పెంచిన ఆసరా పింఛనుకైనా, 2016 చట్టం ఇచ్చిన 4 శాతం ఉద్యోగ రిజర్వేషన్‌కైనా అదే ఆధారం. సర్వీసులో ఉండగా వికలాంగుడైన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదనీ ఆ చట్టమే చెబుతోంది. వికలాంగుల సంక్షేమ శాఖ కార్యాలయం పక్కనే మలక్‌పేటలో ఉంది. నేరానికి బలై గాయపడిన రంగారెడ్డి జిల్లావారు పరిహారం కోసం ఎల్బీనగర్ కోర్టుల్లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు అక్కడ న్యాయసహాయం ఉచితం.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కానీ మంచం పట్టిన మనిషి ఆఫీసుల చుట్టూ ఎలా తిరుగుతాడు? కుల, ఆదాయ ధ్రువపత్రాల కోసం తిరిగి, స్కాలర్‌షిప్ ఫారాలు నింపి ఆరితేరినవాళ్లం మనం. ఆ అనుభవం మనతోనే ఆగిపోకూడదు. పూర్వ విద్యార్థుల్లో లాయర్లున్నారు, ఉద్యోగులున్నారు. హాస్టల్‌కు ఇద్దరు చొప్పున ఒక్కో బాధితుడికి తోడు వెళ్లినా ఎన్నో ఇళ్లు నిలబడతాయి. ప్రభుత్వ అన్నం తిని చదువుకున్న మనం సమాజానికి తీర్చవలసిన బాకీ ఇది.