అరికాలిని చూడని వైద్యము

నడక తడబడుచున్నదని వచ్చిన రోగిని మంచముపై పరుండబెట్టి, కాలు వదులుగా నుంచుమని చెప్పి, మొద్దుకొన గల యొక పుల్లతోనో తాళపుచెవితోనో అరికాలి వెలుపలి యంచున మడమనుండి చిటికెనవ్రేలి మొదలువరకును, అచ్చటినుండి బొటనవ్రేలి వైపునకును మెల్లగా గీచి, ఆ బొటనవ్రేలు క్రిందికి వంగుచున్నదో మీదికి లేచుచున్నదో చూచుట వైద్యశాస్త్రములోని మిక్కిలి చవుకయైన పరీక్షలలో నొకటి. దీనికి విద్యుత్తు వలదు, రసాయనము వలదు, ఒక్క నిమిషము చాలును. ఇట్టి పరీక్ష మన చిన్న పట్టణముల వైద్యశాలలలో మరుగునపడుచున్నదనియు, చెప్పులైనను విప్పింపకయే కాళ్ల బలహీనతకు మందుచీటీ వ్రాయు నలవాటు పెరుగుచున్నదనియు నాకు తోచుచున్నది. ఆ నష్టము తగులునది పేదవాని నడకకు గనుక ఈ మాటలు వ్రాయుచున్నాను.

నాడీమండలము ఆరోగ్యముగా నున్న పెద్దవారికి అరికాలు గీచినపుడు వ్రేళ్లు క్రిందికి వంగును. మెదడునుండి వెన్నుపాముగుండ దిగివచ్చు చలననాడుల మార్గము ఎచ్చటనైనను దెబ్బతిన్నచో బొటనవ్రేలు మీదికి లేచును. తక్కిన వ్రేళ్లు ఎడమెడముగా విచ్చుకొనవచ్చును. పారిస్ నగరమున పోలండు దేశపు తల్లిదండ్రులకు జన్మించి, షార్కో యను ప్రఖ్యాత వైద్యునికి శిష్యుడైన జోసెఫ్ బబిన్‌స్కీ 1896 ఫిబ్రవరిలో అచ్చటి జీవశాస్త్ర సంఘమున నివేదించిన కొలది పంక్తులలో వ్రేలు మీదికి లేచు ఈ లక్షణమును వర్ణించెను. నేటికిని వైద్యులు దీనిని ఆయన పేరుతోనే పిలుచుదురు. మనోవికారముచే కాళ్లు పడిపోయినవారినుండి నాడీవ్యాధిచే పడిపోయినవారిని వేరుచేయుట యెట్లని వైద్యులు తలలు పట్టుకొనుచున్న ఆ కాలమున, రోగి మాటతో నిమిత్తము లేక సాక్ష్యము పలుకు నవయవమొకటి పాదమున దొరకినది. ఏడాది నిండని శిశువులకు మాత్రము ఆ మార్గమింకను పక్వము కాకుండుటచే వ్రేలు మీదికి లేచుట సహజమే. తల్లులు భయపడ నక్కరలేదు.

దీనికి తోడు మరియొక పరీక్ష కలదు. మడమ వెనుకనున్న స్నాయుబంధనముపై చిన్న సుత్తితో తట్టినచో పాదము క్రిందికి విదలును. మధుమేహము చిరకాలముగా నున్నవారిలో ఈ విదలింపు తరచుగా సన్నగిల్లును; బొటనవ్రేలి యెముకపై నానించిన శ్రుతిదండపు కంపనమును వారిలో పలువురు తెలిసికొనజాలరు. కావున విదలింపు మితిమీరి, వ్రేలు మీదికి లేచినచో దోషము పైన, వెన్నుపాములోనో మెదడులోనో యున్నదనియు, విదలింపు మాయమై వ్రేలు మామూలుగా వంగినచో దోషము కాలి నాడులయందే యుండవచ్చుననియు గ్రహింపవలెను. విదలింపు పోయియు వ్రేలు మీదికి లేచినచో రెండుచోట్లను దెబ్బ తగిలినదన్నమాట; అప్పుడు మొదట తలంపునకు రావలసిన వానిలో బి12 విటమిను లోపమొకటి. పాలు, గ్రుడ్లు, మాంసము నోచుకొనని పేదలలో నుండ దగిన ఆ లోపము సకాలమున కనిపెట్టినచో సూదిమందుతో కుదురును, ఆలస్యమైనచో పూర్తిగా కుదరకపోవచ్చును.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌నుండి కట్నీ పోవు రైలుమార్గమున కర్గీ రోడ్డు స్టేషను గల కోటా వంటి ఊరికి ఈ విచారము మిక్కిలి యవసరము. బెంగాల్-నాగపూర్ రైల్వే నాటినుండి శ్రీకాకుళ విజయనగర ప్రాంతములు విడిచి ఈ దిక్కునకు వచ్చి, పట్టాలను నమ్ముకొని బ్రదికిన తెలుగు కుటుంబములు బిలాస్‌పూర్ పరిసరములందు చాల కలవు. పింఛనుపై బ్రదుకుచున్న వారి వృద్ధుల కాళ్లును ఈ లెక్కలోనివే. కాళ్లు బిగిసినవని పట్నమునకు పోయినవానికి మొదట చెప్పునది నడుమునకు ఎమ్మారై తీయింపుమని. అయితే వెన్నుపాము నడుములోని మొదటి పూస దాపుననే ముగియును. ఆ క్రింద నుండునవి దానినుండి దిగు నాడులు మాత్రమే. బొటనవ్రేలు మీదికి లేచుచున్నచో దోషము అంతకు పైననే, వీపునందో మెడయందో మెదడునందో, యుండవలెను. వీపుపూసలకు క్షయ సోకి వెన్నుపాము నొత్తుచున్నను, నడుము బొమ్మలో ఏమియు కనబడకపోవచ్చును. అప్పుచేసి తీయించిన బొమ్మ చేతబట్టుకొని, ఏమియు లేదన్నమాట విని, నెలల తరబడి కాళ్లు ఈడ్చుకొనుచు తిరుగు మనుష్యునికి, అరికాలిపై ఒక్క గీత గీచియున్నచో నడుమునకు పైన చూడవలెనని తెలిసియుండెడిది.

ఈ నేలకు మరియొక ప్రత్యేకతయు కలదు. ఛత్తీస్‌గఢ్ రైతులు కోతకు ముందు తడియారని వరిచేలలోనే తివరా, అనగా ఖేసరి, గింజలు చల్లుదురు. ఈ పద్ధతిని ఉతేరా యందురు. దున్నకయే, నీరు పెట్టకయే, వరి పోయిన మడిలో పండు ఈ ఖేసరి పప్పు కరవుకాలమున పేదవానిని బ్రదికించును. దాని లేతాకును కూరగా వండుకొందురు. అయితే వేరు తిండి లేక నెలల తరబడి ఆ పప్పునే ముఖ్యాహారముగా తిన్నవారిలో కొందరికి కాళ్లు కొయ్యబారును. లాథిరిజమను ఈ వ్యాధిలో మనస్సు చెడదు, మాట చెడదు, స్పర్శ సామాన్యముగా చెడదు. పాదమును చటుక్కున మీదికి నెట్టి పట్టినచో చీలమండ ఆగక కొట్టుకొనుచుండును. అరికాలు గీచినచో వ్రేలు లేచును. మునివ్రేళ్లపై నడచుటచే చెప్పు ముందరియంచు అరిగి మడమవైపు క్రొత్తదిగా నుండును. కఱ్ఱ లేని దశ, ఒక కఱ్ఱ దశ, రెండు కఱ్ఱల దశ, ప్రాకుడు దశ యని వైద్యులు దీనిని విభజించిరి. ఆ పేర్లు చదివినప్పుడెల్ల నాకు గుండె బరువెక్కును. మధ్యప్రదేశ్‌లోని సాగరు ప్రాంతమున ఈ పప్పుచే కాళ్లు పోగొట్టుకొన్నవారిని గూర్చి స్లీమన్ అను ఆంగ్లాధికారి 1844లో ప్రకటించిన గ్రంథములో వ్రాసియున్నాడు. రేవా ప్రాంతమున వెట్టివారికి ఈ పప్పునే కూలిగా కొలిచెడివారు. ఇందలి విషమును 1964లో బెంగుళూరు విజ్ఞాన సంస్థయందు వేరుచేసిన మువ్వురిలో ఎస్.ఎల్.ఎన్. రావుగారు తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమున పనిచేసిరి. పప్పును వేడినీట నానబెట్టి ఆ నీటిని పారబోసినచో విషము చాలవరకు పోవునని హైదరాబాదు పోషకాహార శాస్త్రజ్ఞులు 1960 దశాబ్దిలోనే చూపిరి. 1961లో విక్రయ నిషేధము వచ్చినను సాగు ఆగలేదు. రాయపూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము విషము తగ్గిన రకములను విడుదల చేసినది. క్రొత్త రోగులు నేడు అరుదు. అరుదైనదే సులభముగా విస్మృతమగును గనుక పరీక్ష విడువరాదు.

తిండిలోనో నీటిలోనో గల విషముచే కాళ్లు బిగియుట మన తెలుగునేలకు కూడ క్రొత్త కాదు. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల ఫ్లోరైడు వ్యాధిని 1937లో షార్ట్ మున్నగు వైద్యులు లోకమునకు తెలిపిరి. నీటిలోని ఫ్లోరైడు వెన్నెముకను మందముగా పెంచి వెన్నుపాము నొత్తగా, అచ్చటను కాళ్లు బిగిసి వ్రేలు పైకే లేచును. విషము వేరైనను పాదము చెప్పు సాక్ష్యము ఒక్కటే.

పాదము సర్వమును చెప్పదు. చాంపా, చాంద్‌ఖురీల కుష్ఠు ఆసుపత్రులు శతాబ్దముగా సేవచేయుచున్న ఈ నేలమీద ఒక మాట మరువరాదు: కుష్ఠులో స్పర్శ పోయినను మడమ విదలింపు నిలిచియుండుట కద్దు. కావున సుత్తితోపాటు స్పర్శపరీక్షయు వలయును. వృద్ధులలో విదలింపు వయస్సుచేతనే తగ్గవచ్చును. ఇక అరికాలిలోని చుక్కలు నొక్కి కాలేయమును మూత్రపిండములను బాగుచేయుదుమను మర్దనశాలల మాటకు ఈ శాస్త్రముతో సంబంధమేమియు లేదు. జనులు రెంటిని కలుపుకొని ధనము పోగొట్టుకొనరాదు.

నేను కోరునది స్వల్పము. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఒక సుత్తి, ఒక శ్రుతిదండము, రోగిని పరుండబెట్టుటకు తెరచాటున నొక మంచము ఉండవలెను. కాళ్లు బలహీనమని వచ్చినవానిని పెద్దాసుపత్రికి పంపు చీటీలో వ్రేలు ఏ దిశకు కదలెనో వ్రాయనిదే ఆ చీటీ పూర్తియైనట్లు ఎంచరాదు. మన తెలుగు సంఘములు వైద్యశిబిరములు నడుపునపుడు రక్తపుపోటు, చక్కెరలతోపాటు పాదములను కూడ చూపింపవలెను. పల్లె పల్లెకు తిరుగు మితానిన్‌లను ఆరోగ్య సేవికలకు సుత్తి ఈయ నక్కరలేదు. ముందరియంచు అరిగిన చెప్పును గుర్తించుటయు, ఏ పప్పు తినుచున్నావు, ఎన్నాళ్లుగా దగ్గు, మూత్రము పట్టు తప్పుచున్నదా యని అడుగుటయు, అనుమానము కలిగినవానిని ఆ వారములోనే గనియారిలోని జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి వంటి చోటికో బిలాస్‌పూర్‌కో పంపుటయు వారికి నేర్పిన చాలును.