సైకిలు నుంచి కారు దాకా

మా దుగ్గిరాల బావగారు పసుపు యార్డుకు ముప్ఫయ్యేళ్ళు సైకిలు మీదే తిరిగారు. మొన్న కారు కొన్నారు. సెల్టోస్, 2020 మోడలు, ఒకరు వాడి అమ్మినది.

"కొరియా బండోయ్!" అన్నారు గర్వంగా.

"పుట్టింది మన పెనుకొండ దగ్గరే లెండి" అన్నాను. 2019 లో కియా వారు అక్కడి ఫాక్టరీలో మొట్టమొదట చేసిన మోడలు అదే. ఆ కంపెనీ కథా బావగారి కథలాంటిదే. 1944 లో సైకిలు విడిభాగాలతో మొదలై, 1962 లో మూడు చక్రాల బండి, 1974 లో కారు చేసింది. 1997 లో దివాలా తీస్తే మరుసటేడు హ్యుండాయ్ వారు చేరదీశారు.

బావగారు సీట్లూ, రంగుల తెరా, బండి ఎత్తూ వర్ణించారు. కొన్నవాళ్ళు సాధారణంగా మెచ్చుకునేవీ యివే. గతుకుల్లో కుదుపు కాస్త యెక్కువని సణిగేవాళ్ళూ వున్నారు.

అంతా విని అక్కయ్య అడిగింది: "ఖర్మకాలి దేనికైనా గుద్దుకుంటే లోపల పిల్లల గతేమిటి?"

బావగారు తెరకేసి చూశారు. తెర యేమీ చెప్పలేదు.

నేనే చెప్పాను. 2020 లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు రెండు గాలిసంచుల సెల్టోస్‌ను గుద్దించి చూసి, అయిదు నక్షత్రాలకు పెద్దల రక్షణకు మూడు, పిల్లల రక్షణకు రెండే యిచ్చారు. అన్ని రకాలకూ ఆరు సంచులు వచ్చింది 2022 లో. బావగారి బండిలో వున్నవి రెండే. రెండూ ముందు సీట్లకే.

అక్కయ్య మాట్లాడలేదు. మర్నాడు తెనాలి ప్రయాణానికి మనవలిద్దరినీ వెనక కూర్చోబెట్టి, బెల్టులు తానే బిగించి, "ఇక పోనివ్వండి, సైకిలే అనుకొని" అన్నది.