నల్లవారి పోరాటం, మనవారి జన్మహక్కు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇల్లు నేడు అరుదేమీ కాదు. 2025 జనవరి 20న, అధ్యక్ష పదవి చేపట్టిన రోజే, డొనాల్డ్ ట్రంప్ జారీ చేసిన ఒక ఉత్తర్వు ఇటువంటి కుటుంబాలను నేరుగా తాకింది. తల్లి తాత్కాలిక వీసాపై ఉండి, తండ్రి పౌరుడో శాశ్వత నివాసో కాని పక్షంలో అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదన్నది దాని సారాంశం. హెచ్-1బీ ఉద్యోగులూ, విద్యార్థులూ అందరూ దాని పరిధిలోకే వస్తారు. మూడు రోజుల్లోనే సియాటెల్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి అది రాజ్యాంగానికి బాహాటంగా విరుద్ధమని ప్రకటించి, అమలును నిలిపివేశారు.

అమెరికా పాలనా వ్యవస్థ మూలసూత్రాలు ఈ వివాదంలో స్పష్టంగా కనిపిస్తాయి. అధ్యక్షుడు రాజ్యాంగానికి లోబడినవాడే తప్ప దానికి అతీతుడు కాడు. ఆయన ఉత్తర్వును సియాటెల్ కోర్టులో సవాలు చేసినవి వాషింగ్టన్‌తో సహా నాలుగు రాష్ట్రాలు, నిలిపివేసినది న్యాయవ్యవస్థ. రాజ్యాంగ సవరణకు నాలుగింట మూడొంతుల రాష్ట్రాల ఆమోదం తప్పనిసరి. ఒక్క సంతకంతో ముగిసే వ్యవహారం కాదది. అయితే మన విద్యార్థులు అడగవలసిన అసలు ప్రశ్న వేరు. మన బిడ్డలకు రక్షణగా నిలిచిన ఆ జన్మహక్కును సాధించి పెట్టినదెవరు?

1857లో డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆఫ్రికన్ సంతతివారు పౌరులు కాజాలరని తీర్పు చెప్పింది. ఆ తీర్పును చెరిపివేయడానికి అంతర్యుద్ధం, బానిసల విముక్తి, లక్షలాది ప్రాణాల బలిదానం అవసరమయ్యాయి. 1868లో ఆమోదం పొందిన 14వ సవరణ, ఆ దేశపు చట్ట పరిధిలో పుట్టిన ప్రతి వ్యక్తీ పౌరుడేనని శాసించింది. 1898లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన చైనా దంపతుల కుమారుడు వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో అదే హక్కు వలస వచ్చినవారి పిల్లలకూ ఖాయమైంది. పుట్టుకను బట్టి మనిషిని బానిసను చేసిన దేశంలోనే, పుట్టుక అందరికీ సమాన హక్కుగా మారింది.

మనవారు అదే దేశంలో ఏ దారి తొక్కారో కూడా తెలుసుకోవాలి. తెల్లవారికీ, ఆఫ్రికన్ సంతతివారికీ మాత్రమే వలస పౌరసత్వం లభించే కాలంలో, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ తాను అగ్రకుల ఆర్యుడను గనుక తెల్లవాడినేనని వాదించాడు. అమెరికన్ తెల్లవాడు నల్లవారిని వివాహ విషయంలో ఎలా దూరం పెడతాడో, అగ్రకులస్థుడు భారత మూలవాసులను అలాగే దూరం పెడతాడని ఆయన పక్షం కోర్టుకు విన్నవించింది. అంటరానితనమే అర్హతాపత్రమైంది! 1923లో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. అప్పటికే పౌరులైన పలువురు భారతీయుల పౌరసత్వాన్ని సైతం ప్రభుత్వం రద్దు చేయించింది. కులగర్వం తలుపు తెరవలేదు. 1964 పౌరహక్కుల చట్టాన్ని సాధించిన నల్లవారి ఉద్యమం సృష్టించిన వాతావరణంలోనే 1965 వలస చట్టం వచ్చింది. దేశాల వారీ వివక్షతో కూడిన కోటాలు రద్దయ్యాయి. మన ఇంజనీర్లూ డాక్టర్లూ పెద్దసంఖ్యలో ప్రవేశించినది ఆ ద్వారం గుండానే.

ఆ ద్వారం దాటి వెళ్లినవారిలో కొందరు కులాన్నీ వెంట తీసుకెళ్లారు. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగర మండలి కులవివక్షను నిషేధించినప్పుడు తీవ్రంగా ప్రతిఘటించినవారిలో భారతీయ సంఘాలు ముందున్నాయి. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఇటువంటి బిల్లునే ఆమోదించగా, ఉన్న చట్టాలే చాలునంటూ గవర్నర్ గావిన్ న్యూసమ్ అక్టోబరులో తిప్పి పంపారు. ఈ చట్టాలు ఒక మతాన్ని వేలెత్తి చూపుతాయన్నది వ్యతిరేకుల వాదన. నిషిద్ధమైనది వివక్షే గాని విశ్వాసం కాదు. కులం చూడనివారికి ఆ చట్టంతో వచ్చే కష్టమేమిటి? పుట్టుక కారణంగా తన బిడ్డకు హక్కు నిరాకరించరాదని కోర్టుకెక్కేవారు, పుట్టుక కారణంగా తోటి ఉద్యోగిని తక్కువ చేయరాదన్న చట్టాన్ని అడ్డుకోవడం న్యాయమా?

1913 నుంచి 1916 వరకు కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన అంబేడ్కర్ ఈ బంధాన్ని గుర్తించారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన వినతిపత్రం ప్రతి కోసం 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు లేఖ రాశారు. మన రాజ్యాంగంలోని 14వ అధికరణం వాగ్దానం చేసే చట్టాల సమాన రక్షణ, అమెరికా 14వ సవరణలోని మాటే. అంటే నల్లవారి పోరాటంలో పుట్టిన ఆ సూత్రం సముద్రాలు దాటి దళితవాడ దాకా వచ్చింది.

కాకతీయ విశ్వవిద్యాలయంలోనో, ఎన్‌ఐటీలోనో చదివి రేపు అమెరికా విమానం ఎక్కబోయే యువతీ యువకులు ఈ చరిత్రను తెలుసుకుని వెళ్లాలి. అక్కడ పౌరసత్వ పరీక్షలో మూడు పాలనా విభాగాల పేర్లు అడుగుతారు. ఆ హక్కు ఎవరి రక్తంతో వచ్చిందో అడగకపోవచ్చు. ఆ ప్రశ్న మనమే వేసుకోవాలి. సమానత్వం తీసుకునేటప్పుడు హక్కు, ఇవ్వవలసి వచ్చినప్పుడు భారం అనుకునేవారు ఏ దేశపు పాస్‌పోర్టు పొందినా పూర్తి పౌరులు కాలేరు.