అచ్చు ఒకరిది, పేరు ఒకరిది

2021 ఆగస్టు 12న కోల్‌కతా డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ, స్వీడన్ రెడీమేడ్ దుస్తుల సంస్థ హెచ్ అండ్ ఎం కలిసి తెచ్చిన ‘వాండర్‌లస్ట్’ దుస్తులు మార్కెట్లోకి వచ్చాయి. 2020లోనే రావలసినవి, కరోనాతో ఆగిపోయాయి. ఆన్‌లైన్‌లో పెట్టిన నిమిషాల్లోనే చాలావరకు అమ్ముడైపోయాయి. పెళ్లి లెహంగాకు లక్షలు పలికే పేరుతో 9,999 రూపాయలకే చీర వస్తుంటే జనం ఎగబడ్డారు.

ఈ తరహా పొత్తు ఒకప్పుడు డిజైనర్‌కు తలవంపుగా ఉండేది. 1983లో అమెరికన్ డిజైనర్ హాల్‌స్టన్, మధ్యతరగతి కొనుక్కునే జేసీ పెన్నీ దుకాణాలకు దుస్తులు గీసి ఇచ్చాడు. న్యూయార్క్‌లో సంపన్నులు వెళ్లే బెర్గ్‌డార్ఫ్ గుడ్‌మన్ వెంటనే అతని సరుకును పక్కన పెట్టేసింది. ఇరవై ఏళ్లకు గాలి మారింది. 2004 నవంబరులో షనెల్ సంస్థకు డిజైనర్‌గా ఉన్న కార్ల్ లాగర్‌ఫెల్డ్ హెచ్ అండ్ ఎంతో చేతులు కలిపితే దుకాణాల ముందు జనం బారులు తీరారు. ఆ తర్వాత స్టెల్లా మెకార్ట్‌నీ, వెర్సాచీ, బాల్మాఁ వరసకట్టారు. అమెరికాలో టార్గెట్ సంస్థ 2011లో మిస్సోని దుస్తులు పెట్టిన రోజు రద్దీకి దాని వెబ్‌సైటే కుప్పకూలింది.

ఇలాంటి పొత్తులో డిజైనర్ బొమ్మ గీస్తాడు, పేరు వాడుకోనిస్తాడు, అందుకు ప్రతిఫలం తీసుకుంటాడు. బట్ట ఎంపిక, కుట్టించడం, రవాణా, అమ్మకం ఎక్కువగా రిటైల్ సంస్థ చూసుకుంటుంది. సరుకు కావాలనే తక్కువ చేస్తారు. కొరతే దీనికి ప్రచారం. లాగర్‌ఫెల్డ్‌కు నచ్చనిది కూడా అదే: అందరికీ అందాల్సిన బట్టను కొందరికే సరిపడా కుట్టారని ఆయన బాహాటంగానే తప్పుపట్టాడు. ఆ మాట న్యాయమైనది. సామాన్యుడికి మంచి డిజైన్ అందించడమే ఉద్దేశమైతే ఉదయం పెట్టిన సరుకు మధ్యాహ్నానికి అయిపోకూడదు.

సబ్యసాచి విషయంలో ఇంతకంటే పెద్ద ప్రశ్న వచ్చింది. ఆ దుస్తుల మీది పూల డిజైన్లు కొన్ని జైపూర్ పక్కనున్న సాంగనేర్ అద్దకం పోలికలతో ఉన్నాయి. అక్కడ ఛీపా కులస్థులు తరతరాలుగా చెక్క అచ్చులతో, చేత్తో అద్దుతున్న పని అది. ఈ దుస్తుల మీద మాత్రం ఆ పూలను యంత్రంతో ముద్రించారు. పలు చేతివృత్తుల సంస్థలు కలిసి బహిరంగ లేఖ రాశాయి. ప్రచారంలో భారతీయ కళను చూపించి, తయారీలో ఆ కళాకారుడికి చోటివ్వలేదన్నది వాటి ఆవేదన. భారతీయ డిజైన్‌ను ప్రపంచ పటం మీద నిలపడమే ఈ పని ఉద్దేశమని, చేతిపనికి తన సొంత బ్రాండ్‌లో చోటు ఉందని డిజైనర్ బదులిచ్చారు. అందులో నిజం లేకపోలేదు. ఆయన సొంత దుస్తుల్లో చేతిపని చాలానే ఉంటుంది. కానీ కోట్లమంది చూసే అవకాశం వచ్చిన రోజున సాంగనేర్ అద్దకందార్లకు పని దక్కకపోవడం ఆ జవాబుతో సరిపెట్టుకోదగినది కాదు.

చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. సాంగనేరీ చేతి అద్దకానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు కాపాడేది ప్రధానంగా పేరును. యంత్రం మీద ముద్రించిన గుడ్డను ‘సాంగనేరీ’ అని అమ్మితే తప్పు. ఆ పేరు ఎత్తకుండా అలాంటి పువ్వునే వేసుకుంటే పట్టుకోవడం కష్టం.

మచిలీపట్నం పక్కనున్న పెడనకు ఈ బాధ కొత్త కాదు. అక్కడ కలంకారీ గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టి తీసిన నీటితో నల్ల గీతలు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్ది, పారే నీటిలో ఉతికి, రంగునీళ్లలో ఉడకబెడతారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర గీత వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది; చెయ్యి పడిందనడానికి అదే గుర్తు. స్క్రీన్ ప్రింటింగ్ చేసిన గుడ్డలో ఆ తేడా కనపడదు. అది గంటల్లో తయారవుతుంది, బజారులో కలంకారీ పేరుతోనే అమ్ముడవుతుంది. మీటరు ధర దగ్గర ఎండకూ వానకూ ఆగి పనిచేసే అద్దకందారు ఓడిపోతాడు.

ఇలాంటి పొత్తుల్లో చేయదగినది లేకపోలేదు. కొన్ని వేల దుస్తుల్లో కొన్ని వందలైనా ఆ కళ పుట్టిన ఊళ్లో అద్దించవచ్చు. వాటికి ధర ఎక్కువ పెట్టవచ్చు. నెలల ముందే ఆర్డరిస్తే చేతిపని అందుతుంది. అంతకంటే తేలికైనదీ ఒకటుంది. చొక్కా మెడ వెనక లేబుల్ మీద నూలు ఎంత, పాలియెస్టర్ ఎంత, ఏ దేశంలో కుట్టారు అన్నవి రాస్తున్నారు. ఆ పువ్వును చేత్తో అద్దారా, యంత్రంతో ముద్రించారా అన్నదీ అక్కడే, అదే అక్షరాల్లో రాయాలి.