రైతు చేతిలో మిగిలేదెంత?

కూకట్‌పల్లి రైతుబజారుకు సంచి పట్టుకుని వెళ్ళే మనం టమాటా ధర అడుగుతాం, బెండకాయ కొస విరిచి చూస్తాం. ఎదుట కూర్చున్న రైతు ఎంత పట్టుకుని ఇంటికి వెళ్తాడో ఆలోచించేది తక్కువ.

1999 జనవరి 26న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవాలి. ధర టోకుకు పైన, చిల్లరకు కింద ఉండేలా అధికారులు ఏ రోజుకారోజు నిర్ణయించి బోర్డు మీద రాయాలి. సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురెళ్ళి కొనవద్దని దైవప్రవక్త ముహమ్మద్‌ (స) వారించారు. సంతలో ధర తెలియని అమ్మకందారు నష్టపోకూడదన్నదే అందులోని ఉద్దేశమని పండితులు వివరించారు. బజారులోని ఆ బోర్డు చేసే మేలు కూడా ఇదే. అయితే రెండు గంపల కూరలే ఉన్న దూరపు రైతుకు బండి కిరాయి పోగా ఏం మిగులుతుంది? రైతు వేషంలో వ్యాపారులు కూర్చుంటున్నారన్న ఫిర్యాదు కూడా పాతదే.

కూకట్‌పల్లికి కూతవేటు దూరంలోని హైటెక్‌ సిటీ వైపు నుంచి ఇప్పుడు సేద్యానికి కొత్త ఉపాయాలు వస్తున్నాయి. 2016లో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌, మైక్రోసాఫ్ట్‌ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఫోను సందేశాలు పంపాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ప్రకటించాయి. చిన్న రైతుల కోసం చవక గ్రీన్‌హౌస్‌ తయారు చేసిన హైదరాబాద్‌ సంస్థ ఖేతీకి 2022లో ఎర్త్‌షాట్‌ బహుమతి దక్కింది.

సంతోషించవలసిన సంగతులే. కానీ బహుమతి వేరు, రుజువు వేరు. ఒక్క వానాకాలం లెక్క చూసి తీర్పు చెప్పలేం. మరుసటి ఏడు వాన ముఖం చాటేస్తే ఆ సలహా నిలిచిందా అన్నది చూడాలి. దిగుబడి పెరిగినంత మాత్రాన రాబడి పెరగదు. పంట విరగకాసిన ఏడాదే టమాటాను రోడ్డు మీద పారబోయడం మనం చూడలేదా? ఫోను సందేశానికి రైతు పెట్టుబడి పెట్టనక్కరలేదు గానీ, అది తప్పితే పోయేది అతని పంటే. గ్రీన్‌హౌస్‌ను అప్పు చేసి కొంటే ధర పడిపోయిన నెలలోనూ వాయిదా కట్టాలి. కౌలుదారుకైతే వచ్చే ఏడు ఆ నేల తన చేతిలో ఉంటుందో లేదో కూడా తెలియదు. ఇటువంటివి కంపెనీ కరపత్రాల్లో కనిపించవు. మన దృష్టిలో అసలు పరీక్ష అక్కడే ఉంది.

మన పిల్లల్లోనూ కొందరు ఇటువంటి సంస్థల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇంటికి వచ్చినప్పుడు వారినే అడుగుదాం. మొదటి ఏడు చేరిన రైతుల్లో మూడో ఏటికి ఎందరు మిగిలారు? మానుకున్నవారి ఇంటికి ఎవరైనా వెళ్ళి కారణం అడిగారా?